ర్యాంప్ ఉంది, తాళంచెవి ఎక్కడుంది?

"క్యాంపస్‌లో అందరికీ చోటుండాలి, అందరికీ న్యాయం జరగాలి అని ఒక కమిటీ వేశారు, విద్యార్థుల తరఫున నన్ను పెట్టారు, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు కదా. ఇలాంటి కమిటీలో నేను మూడేళ్లున్నాను. మొదటి ఏడాది దాదాపు దండగే. లోగో కోసం రెండు మీటింగులు, స్లోగన్‌లో ఏ మాట ముందుండాలని ఇంకో రెండు.

రెండో ఏడాది, వీల్‌చెయిర్ వాడే ఒక పీజీ విద్యార్థినిని మీటింగ్‌కు పిలిచాం. ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ర్యాంప్ భవనం వెనక ఉంది. అక్కడి తలుపుకు తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ ఎక్కడో. ర్యాంప్ వాలు మాత్రం 1:12, అంటే అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు, లెక్కకు పక్కాగా ఉంది. తనిఖీకి వచ్చినవాళ్లు టేపుతో కొలిచి టిక్కు పెట్టుకుని వెళ్లారు. తాళం సంగతి ఎవరూ అడగలేదు. "నేను రోజూ క్లాసుకు అరగంట ముందు బయల్దేరేది చదువు మీద ప్రేమతో కాదు" అందామె. నవ్వాలో తల దించుకోవాలో తెలియలేదు మాకు.

అప్పటి నుంచి మా పని మారింది. ఏ పద్ధతి దగ్గర ఎవరు ఆగిపోతున్నారో తిరిగి చూడటం మొదలుపెట్టాం. ఎక్కువ మంది ఆగిపోయేది డబ్బు దగ్గర. సెమినార్లకు వెళ్తే యూనివర్సిటీ ఖర్చులు ఇచ్చేది, కానీ ముందు మనమే పెట్టుకోవాలి, బిల్లులిచ్చిన రెండు మూడు నెలలకు వచ్చేవి. చేతిలో డబ్బులేనివాళ్లు అసలు దరఖాస్తే పెట్టరు. బయటికి మాత్రం వాళ్లకు ఆసక్తి లేనట్టు కనిపిస్తుంది. అడ్వాన్స్ ఇప్పించడానికి అకౌంట్స్ సెక్షన్ చుట్టూ ఏడు నెలలు తిరిగాం. ఆ తర్వాతి సెమిస్టర్ జాబితాలో మేం ఎప్పుడూ చూడని పేర్లు కనిపించాయి.

చదువు విషయంలో పెద్ద పొరపాటే చేశాం. "వెనకబడిన విద్యార్థులకు ప్రత్యేక తరగతులు" అని నోటీసు బోర్డులో పేర్లతో సహా అంటించాం. ఒక్కరూ రాలేదు. ఎందుకొస్తారు? 1970ల చివర్లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో యూరీ ట్రైస్‌మన్ అనే గణితం మనిషి చేసిన పని గురించి ఆ తర్వాతే చదివాను. కాల్క్యులస్ అనే లెక్కల కోర్సులో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా ఎందుకు తప్పుతున్నారో తెలుసుకుందామని ఆయన వాళ్లతో కలిసి తిరిగాడు. అందరూ అనుకున్నట్టు శ్రద్ధ తక్కువేం కాదు. గంటల తరబడి చదువుతున్నారు, కానీ ఎవరికి వాళ్లే. చైనీస్ అమెరికన్ విద్యార్థులేమో కలిసి కూర్చుని ఒకరి తప్పులు ఒకరు దిద్దుకుంటున్నారు. ఆయన మాలాగా వెనకబడ్డవాళ్లకని ప్రత్యేక క్లాసు పెట్టలేదు. మామూలు వాటికన్నా కష్టమైన లెక్కలిచ్చి గుంపులుగా చేయించాడు. వాళ్ల మార్కులు బాగా పెరిగాయి. మేమూ ఆ బోర్డు పీకేసి, ఎవరైనా రావచ్చని వారానికో సాయంత్రం లెక్కల గుంపు పెట్టాం. నెమ్మదిగా నిండింది.

ఇంకొకటి. "డౌట్లుంటే నా గదికి రండి" అని టీచర్లు అందరికీ ఒకేలా చెప్తారు. ఇంట్లో కాలేజీ మొహం చూసినవాళ్లున్న పిల్లలు వెళ్తారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. నాకైతే ఆ మాట "మొద్దులు రండి" అన్నట్టు వినిపించేది. రెండేళ్లు ఒక్క తలుపూ తట్టలేదు. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక మేడం మాత్రం, డౌట్లున్నా లేకపోయినా మొదటి రెండు వారాల్లో ప్రతి ఒక్కరూ పది నిమిషాలు వచ్చి కూర్చోవాలని నియమం పెట్టారు. ఆ పది నిమిషాలే లేకపోతే నేను పీజీకి దరఖాస్తు పెట్టేదాన్ని కాదేమో.

అన్నట్టు, మీ కమిటీ మీటింగ్ ఎన్ని గంటలకు, ఏ అంతస్తులో? మొదటి ఏడాది మాది సాయంత్రం ఆరున్నరకు, మూడో అంతస్తులో. పార్ట్‌టైమ్ పనులకు వెళ్లేవాళ్లు ఒక్కరూ వచ్చేవారు కాదు. లిఫ్ట్ ఆరింటికే ఆపేసేవారు.