అమ్మ విమానం ఎక్కేలోపు

సియాటిల్ వచ్చి ఆరు నెలలైన చిత్తూరు తమ్ముడొకడు అడిగాడు: "మా ఆవిడకు ఏడో నెలన్నా. పురుటికి అమ్మ వస్తోంది. పసిబిడ్డకు కోరింత దగ్గు అంటకుండా ఆమె కూడా టీడాప్ టీకా వేయించుకోవాలని ఇక్కడి డాక్టరమ్మ అంటోంది. అమ్మేమో ఎప్పుడో టీటీ వేయించుకున్నాను, అరవై ఏళ్ళకి ఇంకా టీకా ఏంది అంటోంది."

వేయించు తమ్ముడూ. టీటీ ధనుర్వాతానికి మాత్రమే. ఇప్పుడు మన ఆస్పత్రుల్లో గర్భిణులకు వేసే టీడీలో డిఫ్తీరియా కూడా కలిసుంటుంది గానీ కోరింత దగ్గు ఉండదు. టీడాప్‌లో మూడూ ఉంటాయి. తిరుపతిలో పిల్లల డాక్టర్లను బూస్ట్రిక్స్ గానీ అడాసెల్ గానీ (రెండూ టీడాప్ బ్రాండ్లే) అని అడగండి, లేకపోతే తెప్పించి పెట్టమనండి. బిడ్డను ఎత్తుకోవడానికి రెండు వారాల ముందైనా పడాలి. రేపు ప్రయాణమనగా వేయిస్తే లాభం లేదు. ఇక్కడికొచ్చాక చూద్దామంటే, విజిటర్ ఇన్సూరెన్సు మామూలుగా టీకాలకు పైసా ఇవ్వదు.

చిన్నప్పుడు కోరింత దగ్గు వచ్చినా, టీకా వేసినా, ఆ రక్షణ కొన్నేళ్ళే. పెద్దవాళ్ళలో చాలామందికి వస్తే వారాల తరబడి దగ్గు, అంతే. ఏసీ పడలేదనుకుంటాం. నేనూ అట్లే అనుకున్నా. వాషింగ్టన్ రాష్ట్రం ఈ జబ్బును ఎపిడెమిక్‌గా ప్రకటించిన 2012లో ఆఫీసు నుంచి దగ్గు తెచ్చుకున్నా. మావాడికి అప్పుడు ఐదు వారాలు. కోరింతంటే దగ్గు తెరలు తెరలుగా వచ్చి, చివర్లో 'కుయ్'మని ఊపిరి లాగుతారని మా అవ్వ చెప్పేది. నేను ఆ కూతకోసమే చెవులు రిక్కించుకుని కూర్చున్నా. అంత పసివాళ్ళకు చాలాసార్లు ఆ కూతే రాదని నాకేం తెలుసు? మొదట చూపించిన చోట జలుబే అన్నారు. రెండో రోజు పాలు తాగుతూ తాగుతూ ఊపిరి ఆపేశాడు. పెదాలు నీలమయ్యాయి. 911కి ఫోన్ చేశాం. ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేసి, ఇంటిల్లిపాదికీ అజిత్రోమైసిన్ ఇచ్చారు. మందు మొదలెట్టిన ఐదు రోజులు నన్ను వాడి గదిలోకి రానివ్వలేదు. ఇప్పుడు వాడు నా భుజం దాటాడులే.

మీ ఆవిడ 27 నుంచి 36 వారాల మధ్య వేయించుకుంటే కడుపులోనే బిడ్డకు కొంత రక్షణ అందుతుంది. ప్రతి కాన్పుకూ వేయించుకోవాల్సిందే. బిడ్డకు కోరింత దగ్గు మొదటి టీకా ఇక్కడ 2 నెలలకు. మన దగ్గరైతే 6 వారాలకే పెంటా (కోరింత దగ్గుతో కలిపి ఐదు జబ్బుల టీకా) వేస్తారు. అప్పటిదాకానే ఎక్కువ భయం.

అమ్మ సూట్‌కేసులో తేనె, సాంబ్రాణి తప్పకుండా ఉంటాయి. ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా నాకించొద్దు, బోట్యులిజం అనే జబ్బు వచ్చే ప్రమాదముంది. సాంబ్రాణి పొగ పసిగుడ్డు ఊపిరికి మంచిది కాదు. పైగా అపార్ట్‌మెంటులో అలారం మోగి బిల్డింగంతా కిందికి దిగుతుంది, నీ ఇష్టం.

పుట్టువెంట్రుకల మొక్కుకు తొందరపడొద్దు, ఆరు నెలలకు మూడు డోసులూ పడనీ. ఏడాదిలోపు బిడ్డుంటే తిరుమలలో సుపథం దారిన పంపుతారు, కంపార్ట్‌మెంట్లలో కూర్చోనక్కర్లేదు.

టీకా వేయించాక చీటీ ఫొటో తీసి పంపమను. ఇక్కడి డాక్టరమ్మ తేదీ అడుగుతుంది.