డిక్కీ ర్యాక్ మీద సైకిల్: మొదటిసారి కట్టేవాళ్లకు

“చిన్న కారు. వెనక హిచ్ (ట్రెయిలర్, ర్యాక్ లాంటివి తగిలించే ఇనుప కొక్కెం) లేదు. డిక్కీకి తగిలించే ర్యాక్ కొంటే సైకిల్ దారిలో ఊడిపోదు కదా?” కొత్తగా మా ఊరికి వచ్చిన యువతీయువకులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. కొనండి. నేను పదేళ్లకు పైగా అదే వాడుతున్నాను. అద్దె ఇంట్లో ఉంటూ, ఎప్పుడు ఊరు మారాల్సి వస్తుందో తెలియనివాళ్లకు మడిచి అలమారలో పెట్టుకునే వస్తువే నయం. కానీ ఆ భయాన్ని పూర్తిగా వదిలేయకండి. సైకిల్ ఊడితే పడేది వెనకొచ్చేవాళ్ల కారు ముందు.

కొనేముందు ఆ ర్యాక్ మీ కారుకు సరిపోతుందో లేదో తయారీదారు ఇచ్చే పట్టికలో చూడండి. కారు పేరొక్కటే కాదు, ఏ సంవత్సరం మోడలో, సెడానో హ్యాచ్‌బ్యాకో కూడా చూడాలి. ఎందుకంటే ఈ ర్యాక్ నిలబడేది పట్టీల చివర ఉండే కొక్కేల మీద. ఆ కొక్కేలు డిక్కీ మూత ఇనుప అంచును పట్టుకోవాలి. ప్లాస్టిక్ స్పాయిలర్‌కో (డిక్కీ పైన రెక్కలా ఉండే భాగం) అద్దం అంచుకో తగిలిస్తే అవి విరగొచ్చు. అద్దపు డిక్కీలకు వేరే రకం కొక్కేలు ఉంటాయి, వాటినే తీసుకోవాలి.

బరువు కూడా చూసుకోండి. చాలా ర్యాకులు ఒక్కో సైకిల్‌కు దాదాపు 35 పౌండ్లు, అంటే 16 కిలోల వరకే మోస్తాయి. మామూలు సైకిల్‌కు అది చాలు. ఎలక్ట్రిక్ సైకిళ్లు ఎక్కువగా 20 కిలోలు దాటతాయి కాబట్టి వాటికి ఇది పనికిరాదు. సెకండ్ హ్యాండ్ ర్యాక్ దొరికితే పట్టీలను వేళ్ల మధ్య వంచి చూడండి. ఎండకు గట్టిపడినా, అంచుల్లో పోగులు లేచినా వద్దనేయండి.

ఇక కట్టడం. ముందు ర్యాక్ మెత్తలు ఆనే చోట కారును తడిగుడ్డతో తుడవండి. అక్కడ ఇసుక రేణువులు మిగిలితే ప్రయాణమంతా గరుకు కాగితంలా పెయింట్‌ను గీస్తూనే ఉంటాయి. పై కొక్కేలు, కింద కొక్కేలు, ఆ తర్వాత పక్కవి తగిలించి డిక్కీ మూసి, పట్టీలను కొంచెం కొంచెంగా, రెండు వైపులా సమానంగా లాగండి. ఒకవైపే పూర్తిగా బిగిస్తే ర్యాక్ వంకరపోతుంది. పట్టీ ఎక్కడా మెలిపడకూడదు. అయ్యాక రెండు చేతులతో ర్యాక్ పట్టుకుని గట్టిగా ఊపండి. కారు కూడా దాంతోపాటు ఊగితే సరిగ్గా బిగిసినట్టు. ర్యాక్ ఒక్కటే కదిలితే మళ్లీ మొదలుపెట్టండి.

రెండు సైకిళ్లుంటే బరువైనది కారుకు దగ్గరగా పెట్టి, రెండోదాన్ని ఎదురు దిశలో తిప్పి పెట్టండి. అప్పుడు హ్యాండిళ్లు ఒకదానికొకటి అడ్డం రావు. లేడీస్ సైకిల్‌కూ పిల్లల సైకిల్‌కూ చాలావరకు పైన అడ్డంగా బార్ ఉండదు కాబట్టి సీటు కింది నుంచి హ్యాండిల్ దగ్గరికి బిగించే విడి బార్ దొరుకుతుంది, అది కొనుక్కోవాలి. ముందు చక్రం తిరిగి కారుకు కొట్టుకోకుండా ఫ్రేముకు కట్టేయండి. నీళ్ల సీసా, గాలిపంపు, సంచి తీసి కారులో పెట్టుకోండి. నేనైతే ఇవన్నీ అయ్యాక కూడా ఒక విడి పట్టీతో సైకిల్ ఫ్రేమును ర్యాక్‌కు చుట్టి కడతాను.

సైలెన్సర్ గొట్టం సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఒకసారి మా అమ్మాయి సైకిల్ కట్టుకుని బయల్దేరాం. గంటన్నర తర్వాత ఆపితే కాలిన రబ్బరు వాసన. వెనక చక్రం సరిగ్గా గొట్టం ఎదురుగా వేలాడుతోంది. ఆ వేడికి టైరు ఒక పక్క మెత్తబడి, వేలితో నొక్కితే గుంట పడింది. ఎన్నో వారాలుగా ఎదురుచూసిన పిల్ల ఆ రోజు సైకిల్ ఎక్కలేదు. ఆ ముఖం నాకింకా గుర్తుంది. అందుకే చెబుతున్నాను, బయల్దేరే ముందు కిందికి వంగి చక్రాలకీ గొట్టానికీ మధ్య దూరం చూడండి. పట్టీలు కూడా గొట్టానికి దూరంగా ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యంగా, పది నిమిషాలు నడిపాక పక్కన సురక్షితమైన చోట ఆపి పట్టీలు మళ్లీ లాగండి. మొదటి కుదుపులకు మెత్తలు సర్దుకుని పట్టీలు వదులవుతాయి. ఇంటి దగ్గర ఎంత బిగించినా ఇది జరుగుతుంది. దూర ప్రయాణమైతే ఆపిన ప్రతిచోటా చూడాలి. మిగిలిన పట్టీ కొసలు ముడివేయండి, లేకపోతే హైవే మీద పటపట కొట్టుకుంటూ పెయింట్ పాడుచేస్తాయి.

నంబర్ ప్లేట్, వెనక లైట్లు కనిపిస్తున్నాయా అని దూరంగా నిలబడి చూడండి. అవి కనపడకపోతే చాలాచోట్ల జరిమానా వేస్తారు. బ్రిటన్‌లో అయితే అలా కనపడనప్పుడు సైకిళ్ల వెనక నంబరు, లైట్లు ఉన్న బోర్డు తగిలించాలి. మీ ప్రాంతం నిబంధన ముందే చదువుకోండి. వెనక కెమెరాకు సైకిల్ అడ్డమొస్తుంది, సెన్సార్లు అదేపనిగా మోగుతాయి. టెన్షన్ పడకండి, రివర్స్ చేసేటప్పుడు ఒకరిని దిగి చూడమనండి.

సైకిల్ ఉండగా డిక్కీ తెరవకూడదు. బటన్‌తో లేచే డిక్కీ అయితే దాని ఆటోమేటిక్ ఆపేయండి. మంచినీళ్లు, మందులు, పిల్లల బట్టలు ముందే వెనక సీట్లోకి మార్చుకోండి.

పట్టీని ఎవరైనా కత్తితో క్షణంలో కోసేయగలరు. కాబట్టి కారు వదిలి ఎక్కువసేపు వెళ్లాల్సి వస్తే సైకిల్ దించి స్టాండుకు తాళం వేయండి. ఇంటికొచ్చాక ర్యాక్‌ను కారు మీద వదిలేయకుండా తీసేయండి. వానలో తడిసి ఉంటే పట్టీలు ఆరాకే మడిచి పెట్టండి.