‘లూజ్’ దగ్గర తడబడితే ఉద్యోగం రాదా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ ఫైనలియర్. పదో తరగతి వరకు తెలుగు మీడియం. ఎస్ఎస్‌సీ సీజీఎల్‌కు ప్రిపేర్ అవుతోంది, అదే, డిగ్రీ వాళ్లకు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం పెట్టే పరీక్షకు. అఫెక్ట్–ఎఫెక్ట్, లూజ్–లూస్, బారో–లెండ్ లాంటివి ప్రతి మాక్ టెస్టులోనూ తప్పు పెడుతోంది. మొన్న బంధువుల ముందు అడిగినా చెప్పలేకపోయింది. 90 రోజుల స్పోకెన్ ఇంగ్లీష్‌లో చేర్పించాలా, ఆన్‌లైన్ వొకాబులరీ కోర్సు కొనాలా? అసలు ఈ పిల్ల సెంట్రల్ ఉద్యోగం ఆశ పెట్టుకోవచ్చా?
– ఒక తండ్రి, నంద్యాల

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. పెట్టుకోవచ్చు. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది కోర్సు గురించి అడుగుతారు కానీ, లోపల ఉన్న భయం ఒక్కటే: తెలుగు మీడియంలో వేసి పిల్లకు అన్యాయం చేశామా అని.

ఈ తప్పులు తెలివి తక్కువై వచ్చేవి కావండీ. సగం మన తెలుగులో ఇప్పటికే స్థిరపడిన ఇంగ్లీష్ వల్ల వస్తున్నాయి. ‘చొక్కా లూజ్‌గా ఉంది’ అంటాం. ఇంగ్లీష్‌లో వదులుగా ఉండటం ‘లూస్’, స్పెల్లింగ్‌లో రెండు ‘ఓ’లు. ‘లూజ్’ అంటే పోగొట్టుకోవడం, దానికి ఒకే ‘ఓ’. ఇరవై ఏళ్లుగా చొక్కాకు వాడిన మాట పరీక్ష హాల్లో వేరే అర్థం ఇస్తే ఎవరైనా తడబడతారు. ‘వానలకు పంట ఎఫెక్ట్ అయింది’ అన్నదీ అంతే. పంట దెబ్బతినడం అనే క్రియకు ఇంగ్లీష్‌లో ‘అఫెక్ట్’ రావాలి. ఆ దెబ్బ, అంటే ఫలితం, ‘ఎఫెక్ట్’. మనం రెండింటికీ ఒకే మాటతో సరిపెట్టేశాం.

తెలుగు అడ్డమే కాదు, సాయం కూడా. బ్యాంకు ఇంటర్వ్యూ ప్రాక్టీసులో ఒక కుర్రాడు ‘బ్యాంకు రైతులకు బారో చేస్తుంది’ అన్నాడు. ‘ఇస్తుందా, తీసుకుంటుందా?’ అని తెలుగులో అడిగాను. నాలుక కరుచుకున్నాడు. అప్పు తీసుకోవడం బారో, ఇవ్వడం లెండ్. నేర్చుకోవడం లెర్న్, నేర్పడం టీచ్. గుర్తు పెట్టుకోవడం రిమెంబర్, గుర్తు చేయడం రిమైండ్. మన క్రియలో ‘కోవడం’ వచ్చిందంటే పని మనవైపు వస్తోందని లెక్క. ఈ మూడు జంటలకూ ఆ గుర్తు చాలు.

ఇక కోర్సులు. సీజీఎల్‌లో ఇంటర్వ్యూయే లేదు. అలాంటప్పుడు ఈ పరీక్ష కోసం స్పోకెన్ ఇంగ్లీష్ ఎందుకు? మాట్లాడే ధైర్యం కావాలంటే అది వేరే సంగతి, ఉద్యోగం వచ్చాక కూడా నేర్చుకోవచ్చు. వొకాబులరీ కోర్సు మీద నాకు ఇంకా ఎక్కువ అనుమానం. ‘500 కన్ఫ్యూజింగ్ వర్డ్స్’ అని జంటలు జంటలుగా బట్టీ పట్టిస్తారు. రెండూ పక్కపక్కనే చదివితే రెండూ కలిసిపోతాయి. అంతకుముందు సరిగ్గా రాసిన పదం కూడా ఆ జాబితా చదివాక తప్పు రాసిన పిల్లల్ని చూశాను. జంటలో ఒకదాన్ని వారం పాటు సొంత వాక్యాల్లో రాయమనండి. అది కుదిరాకే రెండోది.

టైర్-2లో, అంటే సీజీఎల్ రెండో దశ పరీక్షలో, ఇంగ్లీష్‌కు 45 ప్రశ్నలు, 135 మార్కులు. మీ టెన్షన్ అర్థమవుతుంది. కానీ ఈ జంట పదాలు అందులో కొన్ని ప్రశ్నలే. అమ్మాయి చివరి మూడు మాక్ టెస్టులు తీసి, తప్పుల్లో ఈ పదాలవి ఎన్ని, ప్యాసేజీ అర్థంకాక పోయినవి ఎన్ని అని విడివిడిగా లెక్కపెట్టమనండి. నా అంచనా, రెండోవే ఎక్కువ ఉంటాయి. అప్పుడు కావలసింది రోజూ ఓ అరగంట ఇంగ్లీష్ పేపర్. దానికి కోర్సు ఫీజు అక్కర్లేదు.

ఒక మాట కటువుగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. బంధువుల ముందు అడిగింది ఎవరో మీరు రాయలేదు. మీరేనని నా అనుమానం. నలుగురి ముందు ప్రశ్న వేస్తే వచ్చిన జవాబు కూడా నోట్లోంచి రాదు. ఆ ‘లూజ్’ కథ ఇకమీద ఏ పెళ్లిలోనూ చెప్పకండి. మాక్ టెస్టుల లెక్క తేలాక నాకు మళ్లీ రాయండి. ఈసారి అమ్మాయినే రాయమనండి.