ఖమ్మం ఎండలో డెస్క్‌టాప్ అసెంబుల్ చేసుకుంటున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన పార్టుల లిస్టు ఒకటికి రెండుసార్లు చూశాను. వీడియో ఎడిటింగు, బ్లెండర్‌లో 3డీ బొమ్మలు, తీరికుంటే గేములు అన్నావు కదా, ఆ పనికి అందులో లోటేమీ లేదు. కానీ అది ఏసీ గదిలో కూర్చునే కంప్యూటర్ లిస్టు. మీ ఖమ్మంలో, మేడ మీద శ్లాబు కింద గదిలో, మే నెల మధ్యాహ్నం గంటల తరబడి రెండర్ (సీన్లని లెక్కగట్టి బొమ్మలుగా, వీడియోగా తయారుచేయడం) పెట్టే మిషన్‌కి నాలుగు పార్టులు మార్చాల్సిందే: ప్రాసెసర్, కూలర్, క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ (లోపలి పార్టులకి కరెంటు ఇచ్చే పెట్టె). ఇంకా ఏదీ కొనలేదన్నావు, మంచి పని చేశావు.

ముందు ఒక లెక్క అర్థం చేసుకో, మిగతాదంతా అందులోంచే వస్తుంది. కూలర్ అనే పేరు చూసి అది చల్లదనం పుట్టిస్తుందనుకుంటారు. ఫ్యాన్‌దైనా, నీళ్లదైనా అది చేసే పని చిప్పు మీది వేడిని మోసుకెళ్లి గది గాలిలో కలపడమే. అందుకే చిప్పు టెంపరేచర్ ఎప్పుడూ గదిని పట్టి ఉంటుంది. గదికంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువ అన్నదొక్కటే కూలర్ చేతిలో ఉంది. 90 వాట్ల లోపు లాగే ప్రాసెసర్‌కి మంచి టవర్ కూలర్ (నిలువు రేకుల గుత్తికి ఫ్యాన్ బిగించినది) పెడితే ఫుల్ లోడులో ఆ తేడా సుమారు 45 డిగ్రీలు అనుకో. 24 డిగ్రీల ఏసీ గదిలో చిప్పు 69 దగ్గర ఉంటుంది. అదే మిషన్ 42 డిగ్రీల గదిలో 87కి పోతుంది. క్యాబినెట్ లోపల గాలి ఆడక ఇంకో ఎనిమిది డిగ్రీలు పెరిగిందా, 95. నేను చెప్పబోయే ఏఎండీ రైజెన్ 7 7700 ప్రాసెసర్‌కి అదే హద్దు. అక్కడికి చేరగానే చిప్పు తనే స్పీడు తగ్గించుకుంటుంది. కాలిపోదు, భయం లేదు. కానీ డబ్బు పోసి కొన్న స్పీడు సరిగ్గా ఎండాకాలంలో చేతికి రాదు.

ఇప్పుడు నువ్వు రాసిన ఇంటెల్ 14700కే సంగతి చూడు. దాని డబ్బా మీది 125 వాట్లు మొదటి అంకె మాత్రమే. టర్బోలో, అంటే ఫుల్ స్పీడు అందుకున్నప్పుడు, 253 వాట్ల దాకా లాగుతుంది. 240 సైజు లిక్విడ్ కూలర్‌తో ఫుల్ లోడు పెడితే ఏసీ గదిలోనే తన 100 డిగ్రీల హద్దు చుట్టుపక్కల ఆడుతుంటుంది. మీ గదిలో దానికి మిగిలే జాగా లేదు. అందుకే రైజెన్ 7 7700 తీసుకో. ఎనిమిది కోర్లు, డబ్బా మీద 65 వాట్లు, నిజంగా లాగేది మహా అయితే 88. ప్రాసెసర్ ఒక్కదాన్నే నలిపే పనుల్లో 14700కే దీనికంటే ముందుంటుంది, ఆ మాట దాచను. అయితే నీ బ్లెండర్ రెండర్లు నడిచేది గ్రాఫిక్స్ కార్డు మీద. ఎడిటింగుకి ఇంటెలే మేలని చెప్పేవాళ్లు చూపించే కారణం కెమెరాల 4:2:2 వీడియోని (రంగుల వివరం ఎక్కువగా ఉండే రకం) అది సాఫీగా చదవడం. ఆ పని ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ గ్రాఫిక్స్ కార్డులు కూడా చేస్తాయి, సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఉంటే చాలు. వేడి తక్కువ పుట్టే పార్టు కొనడం కంటే మంచి కూలింగ్ ఇంకోటి లేదమ్మా. పుట్టిన వేడిని తోలడానికి పెట్టే ఖర్చంతా దాని తర్వాతదే.

గ్రాఫిక్స్ కార్డు నువ్వు రాసిన 5060 టీఐ సరైనదే, 180 వాట్లు. కానీ 8 జీబీది కాదు, 16 జీబీది తీసుకో. బ్లెండర్ సీను కార్డు మెమరీలో పట్టకపోతే రెండర్ నత్తనడక నడుస్తుంది, లేదా మధ్యలో ఆగిపోతుంది. రెండు ఫ్యాన్లదైనా చాలు, మూడో ఫ్యాన్ కోసం, లైట్ల కోసం ఎక్కువ పెట్టకు.

ర్యామ్ డీడీఆర్5 6000 స్పీడుది, 16 జీబీవి రెండు. తర్వాత పెంచుకుందాంలే అని నాలుగు స్లాట్ల మీద ఆశ పెట్టుకోకు. ఈ ప్లాట్‌ఫామ్ మీద నాలుగూ నింపితే స్పీడు బాగా పడిపోతుంది. 64 కావాలనిపిస్తే ఇప్పుడే 32వి రెండు తీసుకో. మదర్‌బోర్డు బీ650 చిప్‌సెట్‌ది, వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కి కరెంటు సరిచేసి ఇచ్చే భాగం) మీద అల్యూమినియం హీట్‌సింక్ ఉన్నది చాలు. ఎస్‌ఎస్‌డీ 1 టీబీ, ఎం.2 (బోర్డు మీదే బిగించే సన్నని రకం), బోర్డుతో వచ్చే రేకు దాని మీద బిగించు, రేకు అడుగున ఉండే ప్లాస్టిక్ పొర తీసేసి.

ఇక కూలర్. 7700తో డబ్బాలో ఒకటి వస్తుంది, దాన్ని స్పేర్‌గా దాచుకో. నాలుగు రాగి పైపులు, ఒక 120 ఫ్యాన్ ఉన్న సింగిల్ టవర్ కూలర్ విడిగా కొను. ఇవి సుమారు 155 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి, క్యాబినెట్ వివరాల్లో కూలర్ ఎత్తు 160 పైన రాసి ఉందో లేదో చూసుకో. లిక్విడ్ కూలర్ మీద నీకు మోజుందని తెలుసు. చూడ్డానికి బాగుంటుంది, నిజమే. కానీ 88 వాట్లకి అది అవసరం లేదు. పైగా అందులో పంపు ఒకటి తిరుగుతుండాలి, గొట్టాల్లోంచి ద్రవం ఏళ్ల మీద మెల్లగా తగ్గుతుంటుంది. పంపు ఆగితే మొత్తం మార్చాలి. టవర్ కూలర్‌లో చెడేది ఫ్యాన్ ఒక్కటే, అది ఏ షాపులోనైనా దొరుకుతుంది, క్లిప్పులు తీసి నువ్వే మార్చుకోవచ్చు.

నీ లిస్టులో నాకు అన్నిటికంటే నచ్చనిది ఆ ముందంతా అద్దం ఉన్న క్యాబినెట్. కార్డు 180, ప్రాసెసర్ 88, మిగతావి కలిపి 300 వాట్ల పైచిలుకు వేడి ఆ డబ్బాలో పుడుతుంది. చిన్న రూమ్ హీటర్‌ని అద్దాల పెట్టెలో పెట్టినట్టు. ముందు భాగం పూర్తిగా జాలీ ఉన్నది తీసుకో, జాలీ వెనక విప్పి కడుక్కునే ఫిల్టర్ ఉండాలి. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. పైన ముందువైపు ఫ్యాన్ పెట్టకు, అప్పుడే వచ్చిన చల్లగాలిని కూలర్‌కి అందనీయకుండా పైకి లాగేస్తుంది. ఫ్యాన్‌కి అడ్డ పుల్లలున్న వైపు నుంచే గాలి బయటికి వస్తుంది, బిగించే ముందు అది చూసుకో. అనుమానముంటే అగరుబత్తి వెలిగించి ముందు జాలీ దగ్గర పట్టు: పొగ లోపలికి పోవాలి, వెనక ఫ్యాన్‌లోంచి బయటికి రావాలి. పక్క సందుల్లోంచి లోపలికి పీల్చుకుంటుంటే బయటికి తోసే ఫ్యాన్లు ఎక్కువయ్యాయని, ఫిల్టర్ లేని దారిలో దుమ్ము వస్తోందని అర్థం. వెనక కార్డు స్లాట్ల రేకు మూతలు ఒక్కటి కూడా తీసి వదిలేయకు. మన ఇళ్లలో బల్లులు దూరేది అక్కడినుంచే, బోర్డు షార్టయ్యేదీ అలాగే.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర మిగుల్చుకుందామనుకున్నావు, అక్కడ మాత్రం వద్దు. కార్డు కంపెనీ చెప్పేది 600 వాట్లు, నువ్వు 650 గోల్డ్ తీసుకో. గోల్డ్, బ్రాంజ్ అన్నవి కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్తాయి, లోపలి సరుకు నాణ్యతని కాదు. అందుకే వారంటీ ఏళ్లు చూడు, ఐదుకి తగ్గితే వదిలేయ్. ఫుల్ వాటేజీ 50 డిగ్రీల దగ్గర ఇస్తుందా, 40 దగ్గరేనా అన్నది కూడా వివరాల్లో రాస్తారు. మనకి 50ది కావాలి.

కంప్యూటర్ ఇంటికి రాకముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ గది సాకెట్‌లో మల్టీమీటర్ పెట్టించు. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 చుట్టుపక్కల, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. ఎర్త్ లేని సాకెట్‌లో పెడితే క్యాబినెట్ రేకు ముట్టుకుంటే చేతికి జిల్లుమంటుంది, టెస్టర్ వెలుగుతుంది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు ఎర్త్‌లోకి పంపాల్సిన కొద్దిపాటి కరెంటు దారి లేక రేకు మీదే నిలబడి, సగం మెయిన్స్ వోల్టేజీ దాకా చూపిస్తుంది. అది సర్వీసులో పోయే సమస్య కాదు, కంప్యూటర్ మార్చినా పోదు. ఎర్త్ వేయించాలి.

యూపీఎస్ 600 వీఏది సరిపోదు. దాని మీద 360 వాట్లు అని రాసి ఉంటుంది. మానిటర్‌తో కలిపి నీ లోడు సరిగ్గా అక్కడికే వస్తుంది. రెండర్ మధ్యలో కరెంటు పోగానే అది కుయ్యిమని ఆఫైపోతుంది. 1000 వీఏ, ప్యూర్ సైన్ వేవ్ అని ఉన్నది చూడు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అంటావేమో. కరెంటు పోయాక ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్ల మీద నిలబడేది సుమారు 16 మిల్లీసెకన్లు. ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో అంతకంటే ఆలస్యంగా అందుకుంటుంది, కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది.

కొనడానికి హైదరాబాద్ వస్తే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) ఒక్కచోటే అన్నీ దొరుకుతాయి. ర్యామ్ రేటు ఆ పూటది ఆ పూటే అడుగు. ప్రాసెసర్ సీలు డబ్బాదే తీసుకో, ట్రే సరుకు (డబ్బా లేకుండా విడిగా వచ్చేది) చవగ్గా ఇస్తామన్నా వద్దను. జీఎస్టీ బిల్లు మీద ప్రతి పార్టు సీరియల్ నంబరు రాయించు.

బిగించే రోజు తొందరపడకు. ఈ సాకెట్‌లో సన్నని పిన్నులు బోర్డు మీదే ఉంటాయి. ఒక్కటి వంగినా వారంటీ రాదు, వేలు గానీ గుడ్డ గానీ తగలనీయకు. ప్రాసెసర్ మూల ఉన్న చిన్న బంగారు త్రికోణం సాకెట్ గుర్తుకి ఎదురుగా ఉండేలా పైనుంచి దించి వదిలేయ్, నొక్కకు. లివర్ వేస్తే నల్ల ప్లాస్టిక్ మూత దానంతటదే ఊడి వస్తుంది. పారేయకు, బోర్డు వారంటీకి పంపేటప్పుడు అడుగుతారు.

కూలర్ అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉంటుంది. కొత్తవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది దాన్నే. పేస్టు ఐదు చుక్కలు పెట్టు, నాలుగు మూలలకి బియ్యపు గింజంత, నడిమధ్య కందిగింజంత. వేలితో పులమొద్దు, ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. తర్వాత స్క్రూలు ఒక వైపు పూర్తిగా, రెండోవైపు పూర్తిగా బిగిస్తే కూలర్ ఒరిగి పేస్టు ఒక పక్కకి నెట్టుకుపోతుంది. ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు, స్క్రూ ఆగేదాకా అలాగే. ఫ్యాన్ వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసిన పిన్నుకే పెట్టాలి, లేకపోతే ఆన్ చేయగానే ఫ్యాన్ ఎర్రర్ చూపిస్తుంది.

ర్యామ్ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో. బోర్డు కింద ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డుని రేకుకి తగలకుండా ఎత్తి పట్టే చిన్న కాళ్లు) బోర్డు రంధ్రాలున్న చోటే ఉండాలి, అదనంగా ఒకటున్నా వెనక షార్టవుతుంది. ప్రాసెసర్ పవర్ కేబుల్, కార్డు పవర్ కేబుల్ రెండూ ఎనిమిది పిన్నులవే, కానీ ప్లస్సులు మైనస్సులు తారుమారు. నాలుగూ నాలుగుగా విడిపోయేది ప్రాసెసర్‌ది, ఆరూ రెండుగా విడిపోయేది కార్డుది. సాఫీగా దిగకపోతే బలం చేయకుండా ఆపి చూసుకో. వేరే ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు ఎవరిచ్చినా దీనికి వాడకు.

మొదటిసారి ఆన్ చేశాక స్క్రీన్ నల్లగానే ఉంటుంది, బోర్డు మీద ర్యామ్ లైటు వెలుగుతూ ఉంటుంది. కొత్త ర్యామ్‌ని బోర్డు పరీక్షించుకుంటోంది, కొన్నిసార్లు ఐదారు నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆఫ్ చేస్తే మళ్లీ మొదటికొస్తుంది. తెరుచుకున్నాక బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల స్క్రీన్) ఎక్స్‌పో (ర్యామ్‌ని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగు) ఆన్ చెయ్, లేకపోతే 6000 ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంది. మానిటర్ కేబుల్ కార్డుకి పెట్టు, బోర్డుకి కాదు.

మిషన్‌ని అడుగు ఎత్తు స్టూలు మీద పెట్టు, ఊడ్చిన దుమ్ము, తడిగుడ్డ నీళ్లు తగలకుండా. గోడకి ఒక జానెడు దూరం. ఎండాకాలం గదిలో పెట్టే నీళ్ల కూలర్ గాలి నేరుగా దీని మీదికి రానీయకు, అందులోని తడి, నీళ్ల ఉప్పు రెండూ బోర్డుకి పడవు. నెలకోసారి ఫిల్టర్ కడిగి పూర్తిగా ఆరబెట్టు. ఆరు నెలలకోసారి ప్లగ్ తీసి బ్లోయర్ కొట్టు, ఫ్యాన్ రెక్క వేలితో పట్టుకుని. కూలర్ ఫ్యాన్ విప్పి దాని వెనక రేకుల మధ్య చూడు: దుమ్ము బూడిద రంగు దుప్పటిలా అతుక్కుని ఉంటుంది, ఫ్యాన్ ఉండగా అది కనపడదు.

అంతా అయ్యాక గదిలో థర్మామీటర్ పెట్టి, సినీబెంచ్ (ప్రాసెసర్‌కి ఫుల్ లోడు పెట్టే ప్రోగ్రామ్) పది నిమిషాలు నడిపి, హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో (టెంపరేచర్లు చూపించే ప్రోగ్రామ్) ప్రాసెసర్ ఎంతకి ఎక్కిందో రాసుకో. రెండు మూడు సెకన్లలోనే 95 కొట్టిందంటే కూలర్ సరిగ్గా కూర్చోలేదు, లేదా ఆ ప్లాస్టిక్ పొర అక్కడే ఉంది. మెల్లగా పెరుగుతూ పోయిందంటే గాలి చాలడం లేదు. అప్పుడు పక్క అద్దం తీసి మళ్లీ నడుపు. ఐదు డిగ్రీలకంటే ఎక్కువ తగ్గితే తప్పు క్యాబినెట్ గాలిదే, కూలర్‌ది కాదు. గది అంకె, చిప్పు అంకె, అద్దం తీశాక వచ్చిన అంకె, మూడూ నాకు పంపు. ఫ్యాన్ల స్పీడు ఎక్కడ ఎంత పెట్టాలో చూసి చెప్తాను.

ఇట్లు,
మీ బాబాయి