ఆవిడ పేరేటి?

విజయనగరం

బాబూ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. టెక్కలి దగ్గర పల్లె, పరాయి మగవాడితో సంబంధం పెట్టుకుందని ఓ పెళ్లయిన ఆడమనిషి మీద రావిచెట్టు కింద తగువు, కులపెద్దలు వేసిన తప్పు (జరిమానా), అన్నీ కళ్లకు కట్టాయి. ఒక్కటే నన్ను నిద్రపోనివ్వలేదు. పద్నాలుగు పేజీల్లో ఎక్కడా ఆమెకు పేరు లేదు. పెద్దలు "అది" అంటారు, భర్త "అది" అంటాడు. వాళ్లు అలాగే అంటారు, సరే. కథ చెప్పే నువ్వు కూడా "అది ఏడ్చింది" అని రాశావేం?

కేరళ నంబూద్రి బ్రాహ్మణ కుటుంబాల్లో స్మార్తవిచారం అని ఒక విచారణ ఉండేది. ఒక స్త్రీ మీద అనుమానం వస్తే విడిగా ఉంచి, విచారణ సాగినన్నాళ్లూ "సాధనం" అనేవారు. అంటే వస్తువు. తీర్పు రాకముందే పేరు తీసేశారు, చూడు. తప్పు రుజువైతే బతికున్న మనిషికే కర్మకాండ చేసి వెలివేసేవారు. 1905లో కురియేడత్తు తాత్రి అనే ఆమె ఆ విచారణలో అరవైమందికి పైగా మగవాళ్ల పేర్లు చెప్పింది, ఆనవాళ్లతో సహా. వాళ్లనూ వెలివేయక తప్పలేదు. తనను సాధనం అన్నవాళ్ల ఎదుటే ఒక్కో పేరూ పలికింది. ఆ ఘట్టం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

బాబిలోన్‌లో హమ్మురాబి శాసనం ఇంకా ఘోరం. భార్య పట్టుబడకపోయినా, జనం వేలెత్తి చూపిస్తే చాలు, భర్త కోసం ఆమె నదిలో దూకాలి. వ్యభిచారం నేరమనే మన శిక్షాస్మృతి 497 సెక్షన్ 1860 నాటిది. 2018 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు కొట్టేసేదాకా ఉంది. అందులో భార్యకు శిక్ష లేదు. అది దయ అనుకోకు. భర్త ఒప్పుకుంటే అసలు నేరమే కాదు, రైతు ఒప్పుకుంటే అతని పొలంలో అడుగుపెట్టొచ్చు అన్నట్టు. చట్టం జోలికి రాని ఆమెను నీ ఊరి తగువు వదల్లేదు. ఆ ముడి నీ కథలోనే ఉంది, విప్పు.

ఇంకొకటి. ఆ మగవాడు మూడో పేజీలో మాయమయ్యాడు. ఏమయ్యాడు? ఖరగ్‌పూర్ రైలెక్కేశాడా? పెళ్లి చేసుకుని ఆ ఊళ్లోనే ఉన్నాడా? రోజూ ఆమె గుమ్మం ముందునుంచే పొలానికి వెళ్తున్నాడా? అతన్ని వెనక్కి తీసుకురా.

నా పదేళ్లప్పుడు బొబ్బిలి వైపు మా ఊళ్లో ఇలాంటి తగువే చూశాను. అతని చేత తప్పు కట్టించి వదిలేశారు. ఆమెకు గుండు గీయించి పొలిమేర దాకా నడిపించారు. "ఆవిడ పేరేటమ్మా?" అని అడిగాను. "దాని పేరు నీకెందుకే" అంది అమ్మ. అమ్మ చెప్పలేదు, నేను మళ్లీ అడగలేదు. అందుకే ఆ కథ నేను ఈనాటికీ రాయలేకపోయాను.

సంక్రాంతికి ఇంటికెళ్తావు కదా. మీ అమ్మమ్మ పక్కన కూర్చుని అడుగు. పేరేటి, ఆ రాత్రి ఎక్కడ పడుకుంది, మర్నాడు గంజి ఎవరు పోశారు. తెలిశాక మొదటి పేజీ నుంచి మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అక్క