గాజువాక ఇంటికి వేడినీళ్ల లెక్క

ప్రశ్న: మాది గాజువాకలో సొంత డాబా ఇల్లు. నేను, నా భార్య, కాలేజీలో చదివే మా అమ్మాయి, 78 ఏళ్ల మా అమ్మ ఉంటాం. చలికాలం నాలుగు నెలలూ అందరికీ వేడినీళ్లు కావాలి. అమ్మకు మాత్రం ఏడాదంతా తప్పనిసరి. పాత గీజర్ ట్యాంకు కారుతోంది. 150 లీటర్ల సోలార్ హీటర్ 32,000 రూపాయలకు బిగిస్తామని, ఏటా 1,500 యూనిట్లు ఆదా అవుతాయని డీలరు చెబుతున్నారు. అదే దుకాణంలో 15 లీటర్ల ఫైవ్ స్టార్ గీజర్ 9,500 రూపాయలు. గ్యాస్ గీజర్ అన్నిటికంటే చవక అని బంధువుల మాట. చలికాలంలో మాకు నెలకు 190 యూనిట్లు కాలుతాయి, యూనిట్‌కు నాలుగు రూపాయల చిల్లర పడుతోంది. 7 శాతం వడ్డీ వచ్చే ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి సోలార్ పెట్టించమంటారా?

జవాబు: డిపాజిట్ తీయకండి. 15 లీటర్ల గీజర్ మీ ఇంటికి సరిపోతుంది. అయితే మీ లెక్కలో ఒక పొరపాటు, డీలరు లెక్కలో అంతకంటే పెద్ద పొరపాటు ఉన్నాయి కనుక రెండింటినీ సరిచేసి చూపడం నా బాధ్యత.

ముందు యూనిట్ ధర. 190 యూనిట్లకు మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాతి 45 యూనిట్లు 3, ఆపై 50 యూనిట్లు 4.50, చివరి 65 యూనిట్లు 6 రూపాయల చొప్పున లెక్కిస్తే 807 రూపాయలవుతుంది. దాన్ని 190తో భాగించి మీరు నాలుగు రూపాయల చిల్లర అన్నారు. కానీ గీజర్ ఆపేస్తే తగ్గేవి సగటు యూనిట్లు కావు, చివరి శ్లాబులోని 6 రూపాయల యూనిట్లు. సర్దుబాటు చార్జీలు, సుంకం కలిపి దాన్ని 7 రూపాయలుగానే పట్టుకుందాం. అంటే సోలార్‌కు మీ లెక్క కంటే ఎక్కువ అనుకూలంగానే నేను లెక్క వేస్తున్నాను.

ఇక ఎన్ని యూనిట్లు అన్నది. విశాఖలో చలికాలం ఉదయం కూడా ట్యాంకు నీళ్లు సుమారు 25 డిగ్రీలు ఉంటాయి. స్నానానికి 40 డిగ్రీలు చాలు. నలుగురికి నాలుగు బకెట్లు, అంటే 80 లీటర్లను 15 డిగ్రీలు వేడిచేయడానికి దాదాపు 1.4 యూనిట్లు కావాలి. ట్యాంకులో, పైపుల్లో పోయే వేడిని కలిపి రెండు యూనిట్లు అనుకున్నా 120 రోజులకు 240 యూనిట్లు. మిగతా ఎనిమిది నెలలు అమ్మగారి ఒక్క బకెట్‌కు రోజుకు అర యూనిట్ చొప్పున మరో 120. మొత్తం ఏడాదికి 360 యూనిట్లు, సుమారు 2,500 రూపాయలు. డీలరు చెప్పిన 1,500 యూనిట్లు అబద్ధమని నేను అనను. ఏడాది పొడవునా రోజూ వంద లీటర్ల నీళ్లను 60 డిగ్రీల వేడితో వాడే ఇంటి లెక్క అది. మీ ఇల్లు అటువంటిది కాదు.

ఆ 2,500లో కూడా సోలార్ అంతా మిగల్చలేదు. మనకు వేడినీళ్లు మొదలయ్యే నవంబరు, డిసెంబరు నెలల్లోనే తుపాను ముసురు పడుతుంది. ఆ రోజుల్లో లోపలి కరెంటు కాయిల్ మీదే ఆధారపడాలి. 2,100 మిగిలిందనుకోండి, గొట్టాల శుభ్రతకూ చిన్న మరమ్మతులకూ ఏటా 500 తీసేస్తే 1,600. రెండు పరికరాల ధరల తేడా 22,500 రూపాయలు. దానిమీద మీ డిపాజిట్ వడ్డీ ఏటా 1,575. అంటే సోలార్ చేసే ఆదా మీరు వదులుకున్న వడ్డీకి సరిపోతుంది, అసలు ఎన్నటికీ తిరిగి రాదు. పైగా 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ను చూసిన ఊరివారికి డాబా మీది గాజు గొట్టాల సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

పైఅంతస్తు అద్దెకిచ్చి ఎనిమిదిమంది రోజూ వాడుతున్నా, మీ చివరి యూనిట్లు 8.75 రూపాయల శ్లాబులోకి వెళ్తున్నా నా సమాధానం మారేది. అరకులో అతిథి గృహం నడిపేవారికి నేను సోలారే చెబుతాను.

గ్యాస్ విషయంలో డబ్బు కంటే ప్రాణం ముందు. 14.2 కిలోల సిలిండర్ నీళ్లకు ఇచ్చే వేడి సుమారు 145 యూనిట్ల కరెంటుకు సమానం. మీ సిలిండర్ ధరను 145తో భాగించి చూస్తే తేడా ఎంత స్వల్పమో తెలుస్తుంది. గాలి ఆడని స్నానాలగదిలో మండే గ్యాస్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. తలుపు గడియ పెట్టుకుని నెమ్మదిగా స్నానం చేసే పెద్దావిడ ఉన్న ఇంట్లో దాన్ని నేను ఒప్పుకోలేను. బకెట్‌లో ముంచే ఇమ్మర్షన్ రాడ్‌నూ వద్దంటాను, దానితో కరెంటు షాక్ ప్రమాదం ఉంది.

15 లీటర్లు చాలవేమోనన్న సందేహం వద్దు. 60 డిగ్రీల 15 లీటర్లకు చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల నీళ్లు 35 లీటర్లు వస్తాయి, అంటే దాదాపు రెండు బకెట్లు. 2,000 వాట్ల గీజర్ మళ్లీ వేడెక్కడానికి ఇరవై నిమిషాలు కూడా పట్టదు. రోజంతా స్విచ్ వేసి ఉంచకుండా, స్నానానికి ముందు వేసుకుంటే చాలు.

బోరు నీళ్లయితే ఒక జాగ్రత్త. పాత గీజర్ విప్పేటప్పుడు మెకానిక్ పక్కన నిలబడి కాయిల్ చూడండి. సున్నం గట్టిగా పేరుకుని, వేలితో గీకితే పెచ్చులుగా రాలుతుంటే, కొత్తదానికి ఏటా కాయిల్ శుభ్రం చేయించడం, ట్యాంకును తుప్పు నుంచి కాపాడే మెగ్నీషియం కడ్డీని చూపించి అరిగితే మార్పించడం తప్పనిసరి. ట్యాంకులు కారడానికి ఆ కడ్డీని పట్టించుకోకపోవడం ఒక ముఖ్య కారణం.

వాయిదాల్లో ఇస్తామంటే ముందు నగదు ధర అడగండి. రెండింటి మధ్య తేడా ఉంటే అదే వడ్డీ. 9,500 రూపాయలను డిపాజిట్ ముట్టకుండా నెల జీతంలోంచి ఇవ్వగలరని మీ ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాను. మీరు ఆదా చేస్తున్న 22,500లోంచి మాత్రం కొంత ఖర్చు పెట్టమని కోరుతున్నాను: మీ ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే, గీజర్ బిగించే రోజునే ఎలక్ట్రీషియన్ చేత 30 మిల్లీఆంపియర్లది పెట్టించి, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో పరీక్ష చేయించి, ఆ తర్వాతే అమ్మగారిని ఆ స్నానాలగదిలోకి వెళ్లనివ్వండి.