షుగర్ వస్తే కళ్లు, కిడ్నీలు, నరాలే ఎందుకు ముందు పాడవుతాయి?

కండరాలు ఇన్సులిన్ అనుమతిస్తేనే గ్లూకోజ్‌ని ఎక్కువగా తీసుకుంటాయి, కానీ ఈ మూడు చోట్లా ఉండే సన్నటి రక్తనాళాల లోపొర కణాలకి ఆ అడ్డు లేదు, రక్తంలో షుగర్ ఎంత పెరిగితే అంత లోపలికి చేరిపోతుంది. ఏళ్ల తరబడి అలా జరిగితే నాళం గోడ మందమవుతుంది, విచిత్రం ఏంటంటే కారడమూ మొదలవుతుంది. కంటి వెనక ఉండే రెటీనా పొరలో నాళాలు అక్కడక్కడా బుడిపెల్లా ఉబ్బుతాయి, కొన్ని మూసుకుపోతాయి, ఆక్సిజన్ చాలక కొత్తవి పుడతాయి గానీ అవి ఇట్టే చిట్లిపోతాయి. చాలాకాలం చూపు మామూలుగానే ఉంటుంది, అదే అసలు టెన్షన్. అందుకే ఎక్కువమందికి వచ్చే రకమైన టైప్ 2 వాళ్లకి షుగర్ తేలగానే రెటీనా పరీక్ష చేయిస్తారు. కిడ్నీ వడపోత దెబ్బతింటే మూత్రంలో ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్ పోతుంది. నరాలకి రక్తం తగ్గడమే కాదు, గ్లూకోజ్ దెబ్బ నేరుగానూ తగులుతుంది. పొడవాటి నరాలు ముందు పాడవుతాయి కాబట్టి తిమ్మిర్లు కాలివేళ్లలో మొదలవుతాయి.